ఉపదేశి ఇంగ్లీషు, నా ఇటాలియన్

కన్యాస్త్రీల మఠంలో చేరి, ఇటలీలో నర్సు పని నేర్చుకుని నేను తిరిగొచ్చిన కొత్తలో అనంతపురం చుట్టుపక్కల ఇటాలియన్ తెలిసినవాళ్ళు ఇంకెవరూ లేరు. అందుకే డెబ్బైల చివర ఒక కరువేడు, బోరు ఏ ఊళ్ళో వేయించాలో చూడడానికి ఇటలీ నుంచి ఇంజనీరు వస్తే నన్ను వెంట పంపారు. ఆయనకు ఇంగ్లీషు రాదు.

రాప్తాడు దాటాక ఒక పల్లెలో ఉపదేశి ఎదురొచ్చాడు. ఫాదరు రాని ఆదివారాల్లో గుడిలో వాక్యం చెప్పేది ఆయనే. ఆ మనిషికి వాక్యం కంటే ఇంగ్లీషు మీద భక్తి ఎక్కువ. ఎక్కడో పట్టుకొచ్చిన నాలుగు మాటలు పెళ్ళికైనా చావుకైనా అవే వాడేవాడు. నేను తెలుగులో పలకరించినా "ఫైన్, ఫైన్, థాంక్యూ" అన్నాడు.

గుడి ముందు నేలంతా తడిగా ఉంది. ఆ నీళ్ళు ఎక్కడివని పక్కన నిలబడ్డ ముసలామెను అడిగాను.

"మేం తాగేటివే, సిస్టరమ్మా. కోడి కూయకముందే పోయి కొండకింది బావిలో నుంచి తెస్తిమి. దొరలొస్తాండారు, దుమ్ము లేస్తాదని ఉపదేశయ్య చల్లిపిచ్చినాడు. పిల్లోల్లు పొద్దున్నుంచి దప్పికతోనే ఉండారు."

ఇంజనీరు ఆ తడినేల చూసి, ఇక్కడ నీళ్ళకు ఇబ్బందేనా అని అడిగాడు. బోరు ఒక్కటే, చూడాల్సిన పల్లెలు ఇంకా ఉన్నాయి. నేను ప్రశ్నను తెలుగులో చెప్పాను. ఉపదేశి నన్ను లెక్కచేయకుండా ఇంజనీరు ముఖంలోకే చూస్తూ ఇంగ్లీషు అందుకున్నాడు.

"నో ప్రాబ్లం, సర్. వి ఆర్ మేనేజింగ్. బై గాడ్స్ గ్రేస్, ఎవ్రీథింగ్ ఈజ్ ఫైన్."

ఆ మాటల్ని ఇటాలియన్‌లో పెట్టడం కష్టమేమీ కాదు. "వి ఆర్ మేనేజింగ్" అంటే "చి అర్రాంజామో." ఆ సమయంలో ఆ మాటంటే, మా తిప్పలు మేం పడతాం, మీ సాయం అక్కర్లేదని ఇటలీవాడు అనుకుంటాడు. జీపెక్కి పక్క ఊరికి పోతాడు. పరువు కోసం పిల్లల నీళ్ళు మట్టిపాలు చేసి, ఆ పైన దేవుని కృపను సాక్ష్యానికి పిలిచాడు ఈ మనిషి. దేవుని నామం వ్యర్థంగా పలకకూడదని ఆ పిల్లలకు నేర్పేది కూడా ఇదే నోరు. ఆ మాట నేను అందిస్తే అబద్ధసాక్ష్యంలో నాకూ వాటా ఉంటుంది.

"ఈయన మాట పక్కన పెట్టండి," అని ఇటాలియన్‌లో చెప్పాను. "నీళ్ళు లేవు. మీ కాళ్ళ కింది తడి ఈ ఇళ్ళవాళ్ళు ఈరోజు తాగాల్సింది."

ఇంజనీరు తడి మీది నుంచి పక్కకు జరిగాడు. బావి చూపించమని ముసలామెకు సైగ చేశాడు.

ఉపదేశి నా మీదికొచ్చాడు. "ఏమ్మా సిస్టరూ, నేను చెప్పిందేమి, నువ్వు చెప్పిందేమి? పరాయోల్ల ముందర మన మానం తీస్తివి కదమ్మా."

"మానం సంగతి తర్వాత, అన్నా. పిల్లలకు తాగడానికి లోపల నీళ్ళున్నాయా?"

"ఒక బిందె ఉండాది. దొర కోసరమని షర్బత్తు కలిపి పెట్టినా."

బావి దారి పట్టిన ముసలామె వెనక్కి తిరిగింది. "ఆ షర్బత్తు పిల్లోల్లకు పొయ్యి నాయనా. నీ దొర బావికాడికి వస్తాండాడు."

బోరు ఆ ఊరికే వచ్చింది. నీళ్ళు పడ్డ రోజు ఉపదేశి దాని పక్కన నిలబడి ఇంగ్లీషులో చాలాసేపు మాట్లాడాడు. ఏమంటున్నాడన్నట్టు ఇంజనీరు నావైపు చూశాడు.

"గ్రాత్సియె." అన్నాను. కృతజ్ఞతలని అర్థం, ఆ ఒక్క మాటే.

"అంతేనామ్మా?" అన్నాడు ఉపదేశి.

"అందులో ఉన్నది అంతే, అన్నా. కొంచెం జరుగు, ఆడవాళ్ళు బిందెలు పెట్టాల."