మీసమెక్కువ

నెట్‌లో ఒకసారి చూసిన పేజీ మళ్లీ దొరుకుతుందన్న నమ్మకం ఎవరికీ లేని రోజులవి. కడపలో ఓ డిగ్రీ కాలేజీ కంప్యూటర్ ల్యాబులో పాఠాలు చెప్పే ఉద్యోగం నాకు కొత్తగా వచ్చింది. దానితో పాటే పెళ్లీడూ వచ్చిందని ఇంట్లో వాళ్లు తేల్చారు. నాన్నకు కిరాణా అంగడి తప్ప మరో లోకం లేదు. కాబట్టి పెళ్లి వెబ్‌సైట్లలో సంబంధాలు వెతికే బాధ్యతను నందికొట్కూరులోని మా పిన్ని తలకెత్తుకుంది. చిన్నాన్న విత్తనాల అంగడిలో బిల్లుల కోసం కొన్న కంప్యూటర్ ముందు మధ్యాహ్నాలంతా కూర్చుని, నచ్చిన కుర్రాడి పేజీ అడ్రసును ఫోన్‌లో నాకు అక్షరమక్షరం చదివి వినిపించేది. "డబ్ల్యూ, డబ్ల్యూ, ఇంగో డబ్ల్యూ... రాసుకుంటాండావా?" అంటూ మొదలుపెట్టి, సగంలో గిరాకీ వస్తే మళ్లీ మొదటి డబ్ల్యూ దగ్గరికి వచ్చేది.

ఈ బాధ పడలేకే నేను ఒక ఉపాయం కనిపెట్టాను. మనకు కావలసిన పేజీలను నెట్‌లోనే దాచుకుని, ఏ ఊరి నుంచైనా తెరిచి చూసుకునే సైటు ఒకటి ఉండేది. అందులో ఖాతా తెరిచి పాస్‌వర్డ్ పిన్నికీ చెప్పాను. దాచిన ప్రతి పేజీకీ గుర్తు కోసం చిన్న చీటీ లాంటి మాట తగిలించవచ్చు. ఆ మాటలో ఖాళీ ఉండకూడదు, అంతా కలిపి రాయాలి (బళ్లో కంఠస్థం చేసిన సంధులు జీవితంలో పనికొచ్చింది అక్కడే). పిన్ని 'బంగారం' అనో 'ఒప్పుకోవే' అనో రాసేది. నేను మాత్రం పరీక్ష పేపర్లు దిద్దే మనిషినాయె! 'అమ్మచాటుబిడ్డ', 'ఫోటోలోనూనిద్రే', 'కారుతనదికాదు'... ఇట్లా ఒక్కొక్కరికీ తగిలించి, బీరువాలో పెట్టి తాళం వేసినంత ధీమాగా ల్యాబు నుంచి ఇంటికి వెళ్లేదాన్ని. మంగంపేట ముగ్గురాయి గనుల్లో పనిచేసే ఇంజనీరు పేజీ వచ్చినప్పుడు శానాసేపు చూశాను. కళ్లు బాగున్నాయి. కానీ ముక్కు కింద ఆ పొద ఏమిటి? 'మీసమెక్కువ' అని రాసి పక్కన పెట్టేశాను. పిన్ని వెనకాలే వచ్చి 'ఒప్పుకోవే' తగిలించింది. అంతటితో ఆగక నాన్నకు ఫోన్ చేసి, ఒంటిమిట్ట గుడిలో పెళ్లిచూపులు కూడా ఖాయం చేసేసింది.

గుడి మండపంలో మేం ముందే వెళ్లి కూర్చున్నాం. వాళ్లు వచ్చారు. తల్లి, తండ్రి, వెనక నున్నటి మొహంతో ఒక అబ్బాయి. నాన్న నా చెవి దగ్గరికి వంగి, "ఏమ్మా, ఫోటోలో ఉండేది ఈయప్పేనా? తమ్ముడేమో?" అన్నాడు. నాకూ అదే అనుమానం. ఆ తల్లి మాత్రం కూర్చోకముందే గోడు వెళ్లబోసుకుంది. "ఈ పొద్దే గీకేసినాడమ్మా! కాలేజీ దినాల నుంచి పెంచుకునింది. ఎందుకురా అంటే మాట్లాడడే!" అబ్బాయి తల వంచుకుని నవ్వాడు.

పెద్దవాళ్లు మా ఇద్దర్నీ ప్రదక్షిణకు పంపారు. గుడి వెనక్కి వచ్చాక అతను అడిగాడు.

"ఒకటి అడుగుతా, ఏమీ అనుకోవద్దండి. మీసమెక్కువ అంటే... ఎంత ఎక్కువ?"

నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి. అతను నెమ్మదిగా చెప్పుకొచ్చాడు. బంధువులకు చూపించడానికి తన పేజీని తానూ ఆ సైటులోనే దాచుకున్నాడట. ఇదే పేజీని ఇంకొకరు కూడా దాచుకున్నారని కింద కనిపించిందట. నొక్కితే నా పేరుతో ఉన్న ఖాతా మొత్తం, చీటీలతో సహా, తలుపులు బార్లా తెరుచుకుని ఉందట. మరొకరికి కనబడకూడదంటే టిక్కు పెట్టాల్సిన గడి వేరే ఉంటుందట. ఆ గడి సంగతి పాఠం చెప్పే నాకు తెలియదు!

"కోపం రాల్యాదా మీకు?" అన్నాను.

"వచ్చింది. పక్కనోళ్లకు రాసినవి చదివినాక పోయింది. అందర్లోకీ నాకే శానా మర్యాద చేసినారు. ఆ 'కారుతనదికాదు' ఉండాడే, నా పక్క కుర్చీలోనే కూచుంటాడు. కారు మా ఆఫీసుదే, మీరు రాసింది నిజమే. వానికి చెప్పమంటారా?" అన్నాడు.

"వద్దు సామీ!" అని దండం పెట్టేశాను. (దూరం నుంచి చూసిన నాన్న, పిల్ల అప్పుడే అంత గౌరవం చూపిస్తోందని మురిసిపోయాడట.)

"ఒప్పుకోవే అని రాసినామెకు నా నమస్కారాలు చెప్పండి. ఇంతకూ ఇప్పుడు ఏం రాస్తారు?"

"రాసినప్పుడు చూసుకోండి," అని గబగబా నడిచాను. నవ్వు ఆపుకోవడం నావల్ల కాలేదు.

మర్నాడు ల్యాబు తెరవగానే అందరి పేజీలూ తుడిచేసి, అతనిది ఒక్కటి మిగిల్చాను. పాత మాట తీసేసి 'సరే' అని రాశాను. ఆ గడి జోలికి మాత్రం పోలేదు.

సాయంత్రం అతని తండ్రి మా అంగడికి ఫోన్ చేశాడు. "మావాడు సరే అంటాండాడప్పా. మీ పాప కూడా సరే అనిందంట. ఎప్పుడనిందో, యాడనిందో మాకైతే తెలీదు!" మా నాన్న ఇంటికొచ్చి నన్ను ఎగాదిగా చూశాడు. "ప్రదచ్చినాలు చేసేటప్పుడే చెప్పేసినావామ్మే?" పిన్నికి ఫోన్‌లో అసలు సంగతి చెబితే, మంచి జరిగిందన్న సంతోషం కంటే, "అయితే నా రాతలు గూడా లోకమంతా సూసిందా!" అన్న దిగులే ఆమెకు ఎక్కువైంది.

తర్వాత్తర్వాత ఆ సైటు మూతపడింది. మా చీటీలూ దానితోనే పోయాయి. ఇప్పుడు నా ఫోన్‌లో వేలిముద్ర లేనిదే ఏదీ తెరుచుకోదు. ఎవరికి ఏం కనిపించాలో కనిపించకూడదో పిల్లలకు పాఠాలు కూడా చెబుతున్నాను. పాఠం మధ్యలో అప్పుడప్పుడూ ఆ ల్యాబులో ధీమాగా మీటలు నొక్కుతూ కూర్చున్న పిల్ల గుర్తొస్తుంది. వెనక్కి వెళ్లి, ఒసేయ్ పిచ్చిదానా, ఆ గడిలో టిక్కు పెట్టుకో అని హెచ్చరించే వీలుంటే బాగుండునని ఒక్క క్షణం అనిపిస్తుంది. వీలున్నా చెప్పనులెండి.