దిడ్డి దర్వాజ మూసిన సిద్దయ్య

ఇబ్రహీంపట్నం అంచున ఉన్న దొర గడికి రెండే దారులు. ముందు ఇనుప గుబ్బల పెద్ద దర్వాజ, వెనక గోడలో మనిషి వంగి దూరేంత దిడ్డి దర్వాజ. పంతొమ్మిది వందల నలభై ఎనిమిది వానాకాలంలో గడిలో రజాకార్లు దిగారు. దొరల మీద తిరగబడ్డ సంఘంవాళ్లు వెనక నుంచి వస్తారన్న భయంతో దిడ్డిని మూయమని మేస్త్రి సిద్దయ్యను పిలిపించారు.

డంగుసున్నంలో బెల్లం నీళ్లు కలిపి, లోపలివైపు నిలబడి, పొద్దుగూకేసరికి కమాను దాకా రాళ్లు పేర్చేశాడు. దొర గుమాస్తా ఈశ్వరయ్య వచ్చి గోడను తట్టి చూశాడు.

"ఇగ ఎవడు గుద్దినా పడదు గదరా సిద్దిగా?"

పనివాడి నోరు ఊరుకోలేదు. "ఇప్పుడైతే పడ్తదయ్యా. పచ్చిగున్నది. గట్టిపడాలంటే నెల పడ్తది, రోజూ తడపాలె."

"గట్లనా! గీ ముచ్చట బయట తెల్వొద్దు. గట్టిపడేదాక నువ్వు ఈడనే ఉండు."

అలా సిద్దయ్య గడిలో చిక్కాడు. రోజూ గోడ తడిపేవాడు. రోజూ గుమాస్తా గోటితో గీకి పెదవి విరిచేవాడు. భార్య ఎంకమ్మ జొన్నరొట్టెలు పట్టుకుని పెద్ద దర్వాజ దగ్గరికి వచ్చేది.

"నీళ్లు పోసుడు బంద్ పెట్టి, ఎండిందని చెప్పరాదు?"

"తడపకుంటే పగుల్తదే."

"పగిల్తే నీదేం పాయె? దొరది!"

"నేను చెయ్యి పెట్టిన గోడ."

"అయితే దాన్నే కట్టుకొని ఉండు!"

కాపలా రజాకారు పకపకా నవ్వాడు. ఆ రోజు సిద్దయ్య బకెట్ ముట్టలేదు. సాయంత్రానికి గోడమీద వెంట్రుకంత బీట కనబడింది. లేచి నీళ్లు తెచ్చాడు.

సెప్టెంబరులో నిజాం మీదికి ఇండియన్ యూనియన్ మిలిట్రీ వస్తోందని కబురు. ఒక తెల్లవారుజామున రజాకార్లూ దొర కుటుంబమూ పెద్ద దర్వాజకు బయట తాళం వేసి వెళ్లిపోయారు. మేస్త్రి సంగతి ఎవరికీ గుర్తులేదు.

సిద్దయ్య గడ్డపార అందుకున్నాడు. గోడ అప్పటికి బాగా బిగిసింది. మధ్యాహ్నానికి ఒక్క రాయి ఊడింది. ఆ కంతలోంచి చూస్తే బయట కర్రలు, వడిసెలలతో జనం.

"లోపల రజాకార్లున్నరు!" అని బయట ఒకడు కేకేశాడు.

"నేను, సిద్దయ్యను!"

"నీ ఎన్క ఎవడున్నడు?" అన్నాడు సంఘం మనిషి శివయ్య.

"ఎవ్వల్లేరన్నా."

"దొరకు గోడ కట్టినోని మాట నమ్మాల్నా? ముందటి తాళం గూడ నాటకమే గావొచ్చు. ఇంకో రాయి కదిలిందో, తల పగుల్తది. మిలిట్రీ వచ్చినంక చూద్దం."

ఎంకమ్మ అరిచింది, తిట్టింది. ఎవరూ వినలేదు. చివరికి మందిని తోసుకొచ్చి కంతలోంచి రొట్టె అందించింది.

"ఎప్పుడొస్తరట మిలిట్రీ?"

"ఏమో. సడక్ మీద ఎవ్వరు కనవడ్తలేరు."

సిద్దయ్య గడ్డపార పక్కన పెట్టి, గోడ మొదట్లో కూర్చుని రొట్టె తుంచాడు.