ఏడూళ్ళ రాజు

నా చిన్నప్పుడు మా తాతయ్య చెప్పే కథలో ఒక రాజు ఎన్నిసార్లు బతికి బయటపడ్డాడో లెక్కలేదు. ఏడూళ్ళకు రాజు, అంతే. పెద్ద రాజు యుద్ధానికి పిలిస్తే, ఓడిపోతామని తెలిసీ, ఇచ్చిన మాట కోసం గుర్రమెక్కినవాడు. గొప్ప రాజుల కథలు చెప్పేవాళ్ళు బోలెడంతమంది. ఈయనకు మా తాతయ్య ఒక్కడే దిక్కు. బాగన్ దాతుక్ కొబ్బరి తోటలో, సముద్రం దాటి వచ్చిన మా కూలీల వరస ఇళ్ళ ముందు, నేలలో పాతిన గునపం మీద కాయలు ఒలుస్తూ చెప్పేవాడు. మాలో కథ వినేవాళ్ళు ఊ కొట్టాలి. ఊ ఆగితే కథా ఆగుతుంది, అది కట్టుబాటు. ఎక్కడ ఆగిపోతుందోనని నేను ముందే ఊ అనేసేదాన్ని, తాతయ్య నవ్వేవాడు. చివరికి రాజు గాయాలతోనైనా ఇల్లు చేరేవాడు.

ఒకసారి అమ్మకు కాన్పు కష్టమై, తోట లారీలో పట్నం ఆసుపత్రికి తీసుకుపోయారు. నాన్న వెంట వెళ్ళాడు. మర్నాడు పొద్దున పక్కింటి అక్క వచ్చి తాతయ్య చెవిలో ఏదో చెప్పి, నా వైపు చూడకుండా వెళ్ళిపోయింది. తాతయ్య చేతిలో కాయ పక్కన పెట్టి, నేను అడగకుండానే కథ మొదలుపెట్టాడు. నాకు భయమేసింది. బతిమాలించుకోకుండా కథ చెప్పే మనిషి కాదాయన.

ఆ రోజు కథలో, సాయానికి వస్తామన్న సైన్యం రాలేదు. గుర్రం కూలిపోయింది. రాజు చుట్టూ శత్రువులు మూగారు. నేను పెదాలు బిగించేశాను. ఊ అనకపోతే కత్తి దిగదని నా పిచ్చి నమ్మకం. తాతయ్య చాలాసేపు ఎదురుచూశాడు.

"ఊ అనవేటే, తల్లీ?"

తల అడ్డంగా ఊపాను.

"నువ్వు ఊ అనకపోతే కథ ఆగుతాది గానీ, రాజు ఆగడే. ఎల్లిపోనాడు." నన్ను ఒళ్ళోకి లాక్కున్నాడు. "మీ యమ్మ కూడా ఎల్లిపోనాది."

అబద్ధమైనా సరే, ఆ రాజును ఇంకొక్కసారి ఇల్లు చేర్చి ఉంటే ఏం పోయేదని తాతయ్య మీద ఏళ్ళ తరబడి కోపం పెట్టుకున్నాను. పోయింది ఆయన కన్నకూతురు. ఆ మాట నాకు చెప్పడానికి తన రాజునే చంపుకున్నాడని తర్వాతెప్పుడో అర్థమైంది. అర్థమైనా దుఃఖం తగ్గలేదు. ఆయన మళ్ళీ ఆ కథ ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడు మా ఆయన సుంగై పెటాని పట్నం ఆసుపత్రిలో ఉన్నారు. ఇంక ఆశ లేదని డాక్టర్లు చెప్పేశారు. మనవరాలు పనికి వెళ్తూ ఫోను నా పక్కన పెట్టి వెళ్తుంది. అది మోగితే వెంటనే ఎత్తను, మోగనిస్తాను. ఎత్తనంత మాత్రాన జరిగింది జరగకుండా పోదని ఆ రోజే నేర్చుకున్నాను. అయినా ఎత్తను.