కళ్ళు మూసుకున్నవాళ్ళతో మాట్లాడిన మా అత్త

పోయిన మంగళవారం నేను కాలేజీలో రెండో పీరియడు పాఠం చెప్పి బయటికి వచ్చేసరికి మా తమ్ముడు వరండాలో తడిసిన గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నాడు. వాడు మా కాలేజీకి ఎప్పుడూ రాడు. "అత్త ఎల్లిపోనాదక్కా, పొద్దున్న," అన్నాడు. నేను ఏడవలేదు. ముందురోజు మధ్యాహ్నం ఆవిడ మంచం పక్కన నిలబడి నేను చూసింది ఇంకా నా కళ్ళ ముందు నుంచి కదలలేదు. అది చెప్పడానికే ఇది రాస్తున్నాను. కానీ నేరుగా అక్కడికి వెళితే మీరు నమ్మరు. ఆ మాటకొస్తే నేనూ నమ్మీ నమ్మనట్టే ఉన్నాను.

ఆవిడ మా నాన్నకు అక్క. కలకత్తా వాట్‌గంజ్‌లో రేవు కూలీలు వచ్చే ఒక ఆస్పత్రిలో, ఆపరేషన్ గదిలో ఆయా. మేము నదికి ఇవతల షాలిమార్ రైల్వే క్వార్టర్సులో ఉండేవాళ్ళం. ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక పడవ దాటి అత్త ఇంటికి పోవడం చిన్నప్పటి మా అలవాటు. ఎన్ని సార్లు ఉతికినా ఆవిడ చీరల్లోంచి ఈథర్ మత్తుమందు వాసన పోయేది కాదు. ఆ వాసనకి విరుగుడుగా బుగ్గన ఎప్పుడూ ఒక లవంగం ఉండేది. నిద్రపోతున్నవాళ్ళ గదిలోకి చెప్పకుండా అడుగుపెట్టేది కాదు. గడప దగ్గర ఆగి, "వస్తన్నాను," అని మెల్లగా చెప్పి, ఓ క్షణం చూసి అప్పుడు వచ్చేది. మా మావయ్య మధ్యాహ్నం కునుకు తీస్తుంటే ఆయన మీద చాడీలు చెప్పాలని మాకు మహా సరదాగా ఉండేది. ఆవిడ సాగనిచ్చేది కాదు. "కళ్ళు మూసుకున్నోడి ముందర నోరు జాగర్త. మడిసి ఎక్కడికీ పోడు. కొంచెం దూరంగా కూకుంటాడు, అంతే," అనేది.

ఆ మాట ఆవిడకు ఆపరేషన్ గది నేర్పింది. ఈథర్ ఇచ్చేటప్పుడు రోగి చేత పైకి అంకెలు లెక్కపెట్టించేవారు. మాట ఎక్కడ తడబడింది, ఎక్కడ ఆగింది అనేదాన్ని బట్టి రోగి మత్తులో ఎంత లోతుకు దిగాడో డాక్టరు చూసుకునేవాడు. మనవాళ్ళకు బెంగాలీ రాదు. ముఖం మీద మాస్కు పడగానే భయంతో ఒకటి తరవాత రెండన్న సంగతి కూడా మరిచిపోయేవారట. అందుకని అత్త ఒక ఉపాయం కనిపెట్టింది. శ్రీకాకుళం వైపు నుంచి కలకత్తా వచ్చిన ప్రతివాడూ వచ్చింది ఒకే రైలు దారిలో. ఆ దారి స్టేషన్లు ఎవరూ మరిచిపోరు.

"బావూ, భయపడకు, మనూరు ఎల్దాం. నానూ నీ యెనకే వస్తాను," అని చెవి దగ్గర మొదలుపెట్టేది. "హౌరాలో ఎక్కేవా? కిటికీ కాడ సోటు దొరికిందా? ఖరగ్‌పూర్ వచ్చింది, టీ తాగుతావేటి? మరి తరవాతేటి?"

బాలాసోర్ దాటినవాడు మొండివాడని అత్త లెక్క. చాలామంది అక్కడికి రాకముందే నోరు మూసేవారు. బెంగాలీ మత్తు డాక్టరుకు ఇది ఎంత నచ్చిందంటే, తెలుగువాడు బల్ల ఎక్కితే చాలు, "మాశీ, గాడీ ఛాడో," అనేవాడట. పిన్నీ, ఇంక బండి వదులు అని.

ఓడల్లో గోనెలు మోసే మనిషి ఒకడు వచ్చాడు. సోంపేట దగ్గరివాడు. ఎడమ చెవి తమ్మె చీలి ఉండేదట. మెడలో ఆకుపచ్చ గళ్ళ తువ్వాలు తియ్యనని పేచీ పెడితే, ముఖం మీద మాస్కు పెట్టేదాకా ఉంచారట. అతను బాలాసోర్ దాటాడు, కటక్ దాటాడు. ఇంకాస్త మత్తు ఇచ్చారు. బరంపురం అన్నాడు, ఇచ్ఛాపురం అన్నాడు. మాట మొద్దుబారాల్సింది పోయి తేటపడుతూ వచ్చిందని అత్త చెప్పేది. ఆఖరికి, ముఖం మీద ఏ అడ్డూ లేనివాడిలా, "సోంపేట వచ్చీసింది. నాను దిగిపోతన్నానమ్మా," అన్నాడు. అంతే, నాడి అందలేదు.

గుండె బలహీనమైనదని, ఇందులో నీ తప్పేమీ లేదని డాక్టరు నచ్చజెప్పాడు. అత్త తల ఊపింది. మర్నాటి నుంచి బండిని తిప్పేసింది. ఆ మీదట ఎవరినీ ఇంటికి పంపలేదు. వాళ్ళ ఊళ్ళో ఎక్కించి ఇటు తీసుకొచ్చేది. ఎక్కడ మాట ఆగిందో గుర్తుపెట్టుకుని, ఆపరేషన్ అయ్యాక అక్కణ్ణుంచి అందుకునేది. "కటక్ దాటేం బావూ... ఖరగ్‌పూర్ వచ్చింది, మూట సర్దుకో... ఇదిగో, హౌరా. దిగు, దిగు." హౌరా అనేసరికి కళ్ళు తెరిచేవాళ్ళట. తను మాత్రం ఆ దారిలో మళ్ళీ బండెక్కలేదు. ఊళ్ళో మా నానమ్మ పోయినప్పుడు కూడా కడుపునొప్పి అని వాట్‌గంజ్‌లోనే ఉండిపోయింది. నాన్న ఆరు నెలలు మాట్లాడలేదు. అసలు సంగతి నాకొక్కదానికే చెప్పింది: "ఆడు సోంపేటలో నిలబడి ఉంటాడే. వస్తానని సెప్పి నాను రాలేదు కదా. ఏ మొకం పెట్టుకుని ఎల్లను?"

నేను మనస్తత్వశాస్త్రం చదువుకున్నది ఆవిడ వల్లే అని ఎవరికీ చెప్పలేదు. ఎమ్మే చదివే రోజుల్లో నాకు కొమ్ములుండేవి. చేతన, అచేతన అని కాగితం మీద గీత గీసి చూపించి, "నువ్వు చేసేదాన్ని సూచన అంటారత్తా. మత్తులో ఉన్న మెదడు చెప్పినట్టు వింటుంది. బళ్ళూ లేవు, స్టేషన్లూ లేవు," అన్నాను. ఆవిడ గీతకేసి చాలాసేపు చూసి, "ఇది గీసినోడు ఎప్పుడైనా మత్తు పుచ్చుకున్నాడేటే?" అని అడిగింది. నేను కాగితం మడిచి పుస్తకంలో పెట్టేసుకున్నాను.

ఆ ఏడాదే నాకు అపెండిక్సు ఆపరేషన్. అత్త ఉన్న ఆస్పత్రిలోనే. ఆవిడ నన్ను సోంపేటకు అవతలున్న పలాసలో ఎక్కించింది. పలాస అని నేను అన్నది గుర్తుంది. తరవాత నేను నిజంగా రైలు పెట్టెలో ఉన్నాను. చక్రాల చప్పుడు లేదు, గాలి లేదు. బండి ఏదో స్టేషన్లో ఆగి ఉంది. కిటికీ బయట, మెడలో ఆకుపచ్చ తువ్వాలుతో ఒక మనిషి నిలబడి లోపలికి చూస్తున్నాడు. చెవి చీలి ఉంది. కోపం లేదు, తొందర లేదు. "ఆయమ్మ వస్తానన్నాది. ఇంకా రాలేదేటి?" అని అడిగాడు. అప్పుడే ఎక్కడో దూరం నుంచి అత్త గొంతు హౌరా, హౌరా అంటూ నన్ను లాగేసింది.

చిన్నప్పటి నుంచీ ఆ మనిషి చెవి గురించి, తువ్వాలు గురించి విన్నదాన్నే. మత్తులో అది బొమ్మ కట్టి ఉంటుంది. ఈ రోజుకీ క్లాసులో మా పిల్లలకు అలాగే పాఠం చెబుతాను. కానీ ఆ పూట కక్కుకుంటూ, ఏడ్చుకుంటూ, "ఆయన కనిపించాడత్తా," అనేశాను.

అత్త చేతిలోని బేసిన్ కింద పెట్టేసింది. "ఏటైనా అడిగేడా?" అంది.

"లేదు," అన్నాను. ఆవిడ మీద జాలితోనే అన్నాను. కానీ ఆ ఒక్క మాటతో ఆవిడ మరో పదేళ్ళు, అతను తన మీద కోపంతో పలకరించనైనా లేదనుకుంటూ బతికింది. ఆ సంగతి నాకు తెలుసు. దిద్దుకోవడానికి ఎన్నో ఆదివారాలు ఉన్నాయి, నోరు రాలేదు. చదువుకున్నదాన్ని కదా, కలలో మనిషి అడిగిన మాట ఎలా అప్పజెప్పను?

పక్షవాతం వచ్చి ఆస్పత్రిలో చేర్చాక అత్త మూడు రోజులు కదలలేదు. ఎడమవైపు పూర్తిగా పడిపోయింది. సోమవారం మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి కుర్ర డాక్టరు, "ఈవిడకేమీ వినపడదండీ," అని ఆవిడ తలాపునే నిలబడి పైకే చెప్పాడు. నాకు ఒళ్ళు మండింది. అతను వెళ్ళాక చుట్టూ చూశాను. స్టూలు ఎవరో పట్టుకుపోయారు. నిలబడే, వంగి, చెవి దగ్గర చెప్పాను.

"అత్తా, వస్తున్నాను. ఆ రోజు నేను అబద్ధం చెప్పాను. ఆయన అడిగాడు. ఆయమ్మ వస్తానన్నాది, ఇంకా రాలేదేటి అని అడిగాడు. కోపంగా కాదత్తా. ఎదురుచూస్తున్నట్టే అడిగాడు. నన్ను క్షమించు."

బయట వాన పడుతోంది. ఆవిడ ముఖంలో ఏ మార్పూ లేదు. కాసేపటికి కుడిచెయ్యి లేచి మంచం ఊచ పట్టుకుంది. పట్టుకుని, బరువంతా ఆ ఒక్క చేతి మీద వేసి, అంగుళం అంగుళం గోడ వైపు జరిగింది. చీర చెంగు కూడా ఇవతల లేకుండా పక్కకు లాక్కుంది. కిక్కిరిసిన పెట్టెలో ఎవరైనా వచ్చి నిలబడితే మనం ఎలా సర్దుకుంటామో అలాగే. ఆ తరవాత చెయ్యి ఊచ వదిలేసింది.

మంచం అంచున ఒక మనిషి కూర్చునేంత చోటు ఏర్పడింది. నా కాళ్ళు లాగేస్తున్నాయి. అయినా చూడ్డానికి వచ్చినవాళ్ళని పొమ్మని గంట కొట్టేదాకా నేను నిలబడే ఉన్నాను, ఇంకొకరి చోటులో కూర్చోలేదు.