లేపుడాయన

ఆయన బట్టల కొట్టులో గుమస్తా. బస్సు బయలుదేరే చోటే ఎక్కుతాడు కనుక కిటికీ పక్క సీటు రోజూ ఆయనదే. ముందు రుమాలుతో సీటు తుడుస్తాడు, తర్వాత అదే రుమాలుతో మొహం తుడుచుకుంటాడు. సంచి ఒళ్లో పెట్టుకుని, కొట్టు తాళంచెవితో చెవి తిప్పుకుని, వచ్చిన గుబిలిని కాసేపు పరిశీలించి సీటు కింద రాస్తాడు. యాభై దాటలేదు, గుండ్రాయిలా ఉంటాడు. ముసలివాళ్లు ఎక్కితే మాత్రం ఎవరినో ఒకరిని గద్దించి లేపుతాడు. తాను లేచిన పాపాన పోలేదు. రోజూ ఎక్కేవాళ్లు ఆయనకు పెట్టిన పేరు లేపుడాయన.

మొన్న ఊతకర్రతో ఒక పెద్దావిడ ఎక్కి, కమ్మీ పట్టుకుని నిలబడింది. వెంటనే ఈయన పక్క సీటులోని యువకుడి మీద విరుచుకుపడ్డాడు. "ఏమయ్యా, కళ్లు నెత్తికెక్కాయా? మామ్మగారు నిలబడితే రాజాలా కూర్చుంటావా? ఇంట్లో ఇదేనా నేర్పింది?" అతను కమ్మీ పట్టుకుని ఒంటికాలి మీద లేచి నిలబడ్డాడు. రెండో కాలికి మోకాలిదాకా కట్టు ఉంది. "అయ్యో, కూర్చో నాన్నా! నీకంటే నేనే నయం," అంది ఆవిడ. "వద్దు మామ్మా, మీరే కూర్చోండి," అన్నాడతను, ఎర్రబడ్డ మొహంతో. ఆవిడ గుమస్తా వైపు తిరిగింది. "నీ కాళ్లకేమైంది బాబూ?" "నాకేం మామ్మా, నిక్షేపంగా ఉన్నాను," అన్నాడాయన, కుశలమడిగిందనుకుని. వెనకెవరో కిసుక్కున నవ్వారు. ఆవిడా, యువకుడూ ఒకరినొకరు కూర్చోమని బతిమాలుకుంటూ ప్రతి మలుపులోనూ తూలుతున్నారు. ఖాళీ అయిన సీటులో గుమస్తా తన సంచి పెట్టి, కాళ్లు బారజాపుకున్నాడు.