అలికిన ఇల్లు

ఎన్నికలొచ్చినా, జనాభా లెక్కలొచ్చినా, గాలివానొచ్చినా సర్కారుకి మొట్టమొదట గుర్తొచ్చేది బడిపంతులే. డెబ్బయ్యో దశకం చివర్లో నేను నర్సీపట్నం హైస్కూల్లో లెక్కలు చెబుతుండేవాణ్ణి. ఒక అక్టోబరులో మూడు రోజులు ఏకబిగిన వాన కురిసి వాగులు ఊళ్ళ మీద పడ్డాయి. నీళ్ళు తీసిన వారానికి మమ్మల్ని తాలూకా ఆఫీసుకి పిలిచి, తలా ఒక ఊరూ తలా ఒక కాగితాల కట్టా చేతిలో పెట్టారు. నాకు రావికమతం దారిలో ఒక ఊరొచ్చింది.

కాగితంలో మూడు గళ్ళు. మొత్తం పడిన ఇల్లు, కొంత పడిన ఇల్లు, నిలిచిన ఇల్లు. మొదటి గడిలోకి ఎక్కినవాళ్ళకే వెదుర్లు, తాటాకు, ఇల్లు లేపుకోడానికి సాయం. రెండో గడివాళ్ళకి కాసిని బియ్యం, ఒక దుప్పటి. "జనం ఏడుస్తారు, కాళ్ళు పట్టుకుంటారు. చెవులతో విన్నది రాయొద్దు, కళ్ళతో చూసిందే రాయండి," అన్నారు తాసిల్దారుగారు. ఆ మాట నాకు తెగ నచ్చింది. అప్పటికి నాకు ఇరవయ్యారేళ్ళు. గళ్ళు గీసిన కాగితం కనిపిస్తే లోకంలో సగం పని అయిపోయిందనుకునే వయసు.

ఆఫీసర్లు వస్తున్నారని ముందురోజే ఆ ఊళ్ళో దండోరా వేయించారు. తీరా వచ్చింది నేనూ నా సైకిలూ.

ఊరి చివర ఒక మట్టిగోడల ఇల్లు. అందులో ఉండేది నలభై దాటిన ఆడమనిషి. భర్త పోయాడు, ఒక్కర్తే కూతురు, ఆ పిల్లకి పెళ్ళయి అత్తవారింట్లో ఉంది. నేను వెళ్ళేసరికి వాకిట్లో పేడనీళ్ళు చల్లి ముగ్గు వేసి ఉంది. గోడలు ఎర్రమట్టితో అలికి ఉన్నాయి. ఎవరింట్లోనో అడిగి తెచ్చిన కుర్చీ ఒకటి గుమ్మంలో వేసి, దాని మీద ఉతికిన తువ్వాలు పరిచింది. నష్టం ఏమైనా జరిగిందా అమ్మా అని అడిగాను.

"తవఁరి దయవల్ల బానే ఉన్నాం బాబూ. కూకోండి, మజ్జిగ తాగండి," అంది.

వెనక గోడ చూశాను. మట్టి ఇంకా తడిగానే ఉంది. కొత్తగా మెత్తినట్టు తెలుస్తూనే ఉంది. కానీ గోడ నిలబడి ఉంది, నేను కళ్ళతో చూశాను. మజ్జిగ తాగి, ఆ తడిమట్టి లెక్కన రెండో గడిలో రాశాను. పక్కింటాయన మాత్రం పడిన గోడని పడినట్టే ఉంచి, ఆ మట్టికుప్ప మీదే కూర్చుని చుట్ట కాల్చుకుంటున్నాడు. ఆయన్ని మొదటి గడిలో రాశాను. బద్ధకానికి అంత మంచి ఫలితం దక్కడం నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు.

చావడి గోడకి జాబితా అంటించిన తరవాత ఆదివారం ఆవిడ నన్ను వెతుక్కుంటూ వచ్చింది. బలిఘట్టం రోడ్డులో ఉండేది నా అద్దెగది. చేటలో రెండు ఆనపకాయలు పెట్టుకుని వచ్చి గుమ్మం బయటే నిలబడింది.

"బాబూ, మా ఎనక గోడ సగానికి సగం జారిపోనాది. తవఁరొస్తన్నారని తెలిసి నానే రాత్రికి రాత్రి ముద్దలు పెట్టి నిలబెట్టినాను. పై కప్పు దాని మీద ఆనదు. అమ్మికి తొలి కానుపు. తొమ్మిదో నెల్లో తీసుకురావాల. ఆ గోడ కింద బాలింతని ఎలాగ పడుకోబెడతానండి?"

"మరి నేను అడిగినప్పుడు బాగానే ఉన్నామన్నావేంటమ్మా?"

"పెద్దోళ్ళు గుమ్మంలోకొచ్చీసరికి ఏడుపు మొకం ఎట్టుకోమంటారేటండీ? గడప అలక్కుండా మిమ్మల్ని కూకోబెడితే ఊళ్ళో నా మొకాన ఉమ్మరా?"

నాకు కోపం వచ్చింది. ఆవిడ మీద కాదు గానీ, ఆవిడ మీదే అన్నట్టు మాట్లాడాను. మర్నాడు బడి వదిలాక ఆవిణ్ణి తాలూకా ఆఫీసుకి తీసుకెళ్ళాను. ఒక టేబులు ఇంకో టేబులు దగ్గరికి పంపింది, అది మూడోదాని దగ్గరికి పంపింది. మూడో టేబులు గుమస్తా మాత్రం మంచివాడు. దరఖాస్తు తనే రాసి, వేలిముద్ర వేయించుకుని, దారి చెప్పాడు. రెవెన్యూ ఇన్స్పెక్టరు మళ్ళీ వచ్చి చూడాలి, చూసి మొదటి గడిలోకి మార్చాలి. "ఈసారి ఆయనొచ్చేదాకా ఇల్లు ముట్టుకోవద్దని గట్టిగా చెప్పండి మేస్టారూ. ముగ్గులు చూస్తే మళ్ళీ అదే రాస్తాడు," అన్నాడు నవ్వుతూ.

అతను నవ్వుతూ చెప్పినదాన్ని నేను హోంవర్కులా చెప్పాను. మెత్తిన మట్టి తీసెయ్యి, గోడ ఎలా జారిందో అలా కనబడాలి, ఆయన వచ్చి వెళ్ళేదాకా అలకొద్దు, మెత్తొద్దు అన్నాను.

"మళ్ళీ వానొస్తేనో బాబూ?"

"వారంలో వస్తారమ్మా," అన్నాను. ఎవరు చెప్పారని అన్నానో ఇప్పటికీ తెలీదు. ఆఫీసులో ఎవరూ వారమని చెప్పలేదు. సందేహం అడిగిన పిల్లాడికి జవాబు చెప్పి కూర్చోబెట్టే అలవాటు నోటికి ఉంది, అంతే.

వారం దాటింది, రెండు దాటాయి. ఆఫీసుకి వెళ్ళి అడిగితే ఇన్స్పెక్టరుగారు యలమంచిలి వెళ్ళారన్నారు. మంత్రిగారెవరో అక్కడ రైలు దిగుతున్నారట, ఏర్పాట్లకి ఈయన్ని వేశారు. ఇంకోసారి అడిగితే సెలవన్నారు. తరవాత పిల్లల పరీక్షలొచ్చాయి, నేను అడగడం మానేశాను. పేపర్లు దిద్దాల్సి వచ్చిందని చెప్పుకోవచ్చు. కానీ నిజానికి, చేయాల్సింది చేసేశానన్న తృప్తితో ఆ సంగతి మరిచిపోయాను.

నవంబరులో మళ్ళీ వాయుగుండం పట్టింది. ఆవిడ కోసిన వరి పనలు ఒడ్డుకి చేర్చడానికి పొలం వెళ్ళింది. తిరిగొచ్చేసరికి, నా మాట విని మట్టి తీసేసి ఉంచిన వెనక గోడ లేదు. దాని వెంటే పైకప్పూ దిగబడి, పక్కగోడల్ని కూడా తోసేసింది. ఇంట్లో ఎవరూ లేరు కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. నాలుగు రోజులకి ఇన్స్పెక్టరు వచ్చాడు. సైకిలు దిగకుండానే రాసుకుని వెళ్ళాడని తరవాత విన్నాను.

"మీ కేసు ఒప్పేసుకున్నారు మేస్టారూ, మొదటి గడిలో పడింది," అని గుమస్తా బజార్లో ఆపి మరీ చెప్పాడు. అతను నిజంగానే సంతోషించాడు. గళ్ళ కాగితంలో తప్పు దిద్దించబోయి ఇల్లు కూల్చాను. ఇందులో తిప్పి చెప్పడానికేమీ లేదు.

సాయం తాలూకు కాగితాలు పంచేసరికి మాఘమాసం వచ్చేసింది. మనుషుల్ని గుర్తుపట్టి పక్కన సంతకం చేసే పని మళ్ళీ నాకే పడింది. పంచాయితీ అరుగు మీద బల్ల వేశారు. ఆవిడ వరసలో వచ్చి వేలిముద్ర వేసింది. పక్కింటాయన పశువులపాకలో ఉంటోందట. కూతురు ఎలా ఉందమ్మా అని అడిగాను, అడక్కుండా ఉండలేక.

"మొగగుంటడు పుట్టినాడండి. ఆళ్ళింట్లోనే పురుడు పోసుకున్నారు. ఇల్లు నేని సోటికి కోడల్ని ఎలాగ పంపుతావన్నారు. ఆ మాటా నిజవేఁ కదా బాబూ."

"చూసొచ్చావా?"

"నేదండి. పుట్టింటోళ్ళమై పురుడు పొయ్యనేకపోనాం, బారసాలకి ఏ మొకంతో ఎల్తానండీ? పిలవనూ నేదు."

నన్ను ఒక్క మాటైనా అంటుందని చూశాను. అంటే బాగుండుననీ అనుకున్నాను. ఆవిడ వేలికంటిన సిరా చీరకొంగుకి తుడుచుకుని, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి రొంటిన దోపుకుంది.

"తవఁరు పట్టించుకోబట్టి ఈ కాయితమైనా వచ్చినాది," అని రెండు చేతులూ ఎత్తి నాకు దణ్ణం పెట్టింది. వెనక వరస చాలా ఉంది. నేను తల ఊపి, ఆవిడ వేలిముద్ర పక్కన సంతకం చేశాను.