చావింట్లో చప్పట్లు

నాయన పోతే మా అమ్మ ఏడవలేదు. కరోనాలో పోయిన మనిషిని ఇంటికి తేనివ్వలేదు, సంచిలో చుట్టి అటునుంచి అటే తీసుకుపోయారు. మా వైపు ఆడవాళ్ళు శవం తల దగ్గర కూర్చుని, పోయినవాళ్ళ సంగతులన్నీ చెప్పుకుంటూ రాగం తీసి ఏడుస్తారు. మా వీధిలో ఎవరు పోయినా ఆ రాగం ముందు ఎత్తుకునేది అమ్మే. తన వంతు వచ్చేసరికి నోరు కట్టేసుకుంది. "మనిషి ఎదురుగా ల్యాకుండా ఎవురికి చెప్పి ఏడ్సల్ల?" అంది. నాకు ఒళ్ళు మండింది. అలా బిగుసుకుపోయిన మనిషితో ఒకే ఇంట్లో ఉండటం ఎంత కష్టమో పడ్డవాళ్ళకే తెలుస్తుంది.

మగ్గంలో కూర్చుంటే నాకు పాటలు కావాలి. ఒక మధ్యాహ్నం ఫోన్‌లో ఒకదాని వెనక ఒకటి వాటంతటవే మారుతూ, ఐర్లాండ్ వాళ్ళ ఆల్బం ఒకటి మొదలైంది. జనం ముందు వాయించింది ఉన్నదున్నట్టు రికార్డు చేసినది. వేణువు, ఫిడేలు, వాటి వెనక ఎవరో కాలితో నేలను తడుతున్న చప్పుడు. నా కాలు కూడా ఆ తాళానికే తొక్కసాగింది. ధర్మవరం ఎండకు వీధంతా నిద్రపోతోంది. పట్టుపోగులు కళ్ళముందు నీళ్ళలా కదులుతున్నాయి. నేస్తున్నానో తేలిపోతున్నానో తెలియని హాయి. గోడవారగా అమ్మ రాట్నం మీద కండెలకు పట్టు చుడుతోంది.

మధ్యమధ్య అతిథి గాయకులు వచ్చి తలా ఒక పాట పాడి పోతున్నారు. వాద్యాలన్నీ ఆగాక ఒకామె ఒంటిగా ఎత్తుకుంది. గొంతును బట్టి పెద్దావిడే. ఆ భాష ఇంగ్లీషు కూడా కాదు.

రాట్నం ఆగింది.

"ఎవురు పోయినారు పాపా?" అంది అమ్మ.

"ఎవురూ పోలేదమ్మా. అది పాట."

"నాకు చెప్పొద్దు. ఆయమ్మకి మొగుడు పోయినాడు."

పాట అయిపోయింది. హాలంతా ఒకటే చప్పట్లు. అమ్మ మొహం కందగడ్డయింది.

"చావింట్లో చప్పట్లేంది? సిగ్గుండాదా వాళ్ళకి? ఒకరన్నా పోయి ఆయమ్మని పట్టుకోవల్ల గదా."

నవ్వబోయాను. అమ్మ రాట్నం పక్కకు నెట్టేసింది.

"మళ్ళా పెట్టు," అంది.

పెట్టాను. ఈసారి ఆమె ఊపిరి తీసుకోవడానికి ఆగిన చోట అమ్మ అందుకుంది. మా వీధి రాగమే.

"ఇప్పుడే వస్తానంటివే సామీ, చెప్పులు గూడా ఈడే ఇడిసి పోతివా సామీ..."

మగ్గంలోంచి లేచి పరుగున వెళ్ళి అమ్మను పట్టుకున్నాను. నాకు రాగం రాదు. అమ్మ ఏడుపు ఆపకుండానే నా మెడ వంచి తన భుజం మీద పెట్టుకుంది.

"నాయనా అను," అంది.

అన్నాను. ఆయన పోయాక ఆ పిలుపు నా నోట రావడం అదే మొదలు.